సొంత కన్సల్టెన్సీ తెరవాలనుకుంటున్న స్ట్రక్చరల్ ఇంజినీరుకు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. ఒక కన్సల్టింగ్ సంస్థలో పదేళ్లుగా, భవనాలు నిలిచేలా లెక్కకట్టే స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేస్తున్నారు. సొంత ఆఫీసు తెరవాలనుకుంటున్నారు. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బు దాచారు. ఇప్పటి సంస్థ క్లయింట్లలో ఒకరు ‘మీరు బయటికి వస్తే మా పనులన్నీ మీకే’ అని మాటిచ్చారు. తోటి ఉద్యోగి సగం వాటాతో భాగస్వామిగా వస్తానంటున్నారు. దాచిన డబ్బు చాలుతుందా, భాగస్వామిని తీసుకోవచ్చా, ఫీజు ఎంత అడగాలి అని మూడు సంగతులు అడిగారు.

మూడింటికీ నాకు తోచింది చెబుతాను. అయితే మీ ప్రశ్న రెండుసార్లు చదివాక నన్ను ఆపింది మీరు అడగని నాలుగో సంగతి. రేపు మీ లెక్కలను ఎవరు తనిఖీ చేస్తారు?

ఇప్పుడు మీ సంస్థలో మీకు తెలియకుండానే నలుగురి పని జరుగుతోంది. ఒకరు ఆర్కిటెక్టులతో, బిల్డర్లతో మాట్లాడి పని తెస్తున్నారు. ఒకరు బిల్లు పంపి, డబ్బు వచ్చేదాకా వెంటపడుతున్నారు. మీ డిజైను బయటికి వెళ్లేముందు ఒక సీనియరు దాన్ని చూసి, ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి వెనక్కి పంపుతున్నారు. తేడా వస్తే సంతకం పెట్టిన ఇంకొకరు జవాబు చెప్పుకుంటారు. ఈ నలుగురి నడుమ కూర్చుని మీరు డిజైను చేస్తున్నారు. బయటికి వచ్చిన మర్నాడు డిజైను చేసే మనిషి మాత్రమే మిగులుతాడు, మిగతా నాలుగు కుర్చీలు ఖాళీ. సొంత ఆఫీసు పెట్టడమంటే ఆ కుర్చీల్లో ఎవరెవరు కూర్చుంటారో ముందే తేల్చుకోవడం. బోర్డు, లెటర్‌హెడ్, పేరు ఏది బాగుంటుందన్న చర్చలన్నీ తరువాతి సంగతులు. మనవాళ్లు చిత్రంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

తనిఖీ సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే మన వృత్తిలో పొరపాటుకు మూల్యం ఇతరుల ప్రాణాలు.

1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీ మీద వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఇంజినీరింగ్ చదివిన వాళ్లలో చాలామంది ఈ ఉదంతం వినే ఉంటారు. అయినా దాన్ని సొంత ఆఫీసు పెట్టబోయేవాడి కళ్లతో మళ్లీ చూడండి. పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ నాలుగో అంతస్తు వంతెన గుండా వెళ్లి రెండో అంతస్తు వంతెనను కూడా మోయాలన్నది మొదటి డిజైను. అంత పొడవు కడ్డీకి మర (స్క్రూ గాడి) తీయడం కష్టమని తయారీదారు దాన్ని రెండు ముక్కలు చేశాడు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దాకా ఒకటి, అక్కడి నుంచి కిందికి ఇంకొకటి. చూడటానికి చిన్న మార్పు. దానితో కింది వంతెన బరువు కూడా నాలుగో అంతస్తు దూలం అతుకు మీదే పడి, అక్కడి భారం రెట్టింపయింది. పోనీ మొదటి డిజైనైనా సరిగ్గా ఉందా అంటే, స్థానిక నిబంధనలు అడిగిన బలంలో దానికి ఉన్నది సుమారు 60 శాతమేనని తరువాతి విచారణలో తేలింది. మార్చిన డ్రాయింగుల మీద ఇంజినీరింగ్ సంస్థ ఆమోద ముద్ర ఉంది. బాధ్యులైన ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

ఆ అతుకును ఎవరైనా ఒక కాగితం మీద మళ్లీ లెక్కించి ఉంటే దొరికిపోయే తప్పు అది. లెక్కించే పని తమదని ఎవరూ అనుకోలేదు. మనుషులున్న సంస్థలోనే అలా జరిగితే, ఒంటరి ఆఫీసులో రాత్రి పదకొండింటికి కాంట్రాక్టరు పంపిన ‘చిన్న మార్పు’ను ఫోనులో చూసి ‘సరే, కానివ్వండి’ అనే మీ పరిస్థితి ఏమిటో ఆలోచించండి. మర్నాడు పొద్దున కాంక్రీటు పోత ఉంటుంది. మనుషులు, మిక్సరు సిద్ధంగా ఉంటారు. మీరు వద్దంటే అందరికీ నష్టం, మీరంటే చిరాకు. ఆ ఒత్తిడిలో ‘ఆగండి, లెక్క చూసి చెబుతాను’ అనగలగాలంటే ధైర్యం చాలదు, ముందే పెట్టుకున్న నియమం ఉండాలి. నా ఆఫీసులో నియమం ఇది: కాగితం మీద రాని మార్పుకు ఆమోదం లేదు, లెక్క జతపడని కాగితానికి ముద్ర లేదు. దీనివల్ల పోయిన క్లయింట్లున్నారు. పోనివ్వండి.

ఇక తనిఖీకి మనిషి ఎక్కడ దొరుకుతాడు? మొదట్లో సీనియరును జీతమిచ్చి పెట్టుకోలేరు. మీలాగే ఒంటరిగా ఆఫీసు నడిపే ఇంకో ఇంజినీరును వెతకండి. మీ పని ఆయన, ఆయన పని మీరు చూసుకునేలా ఒప్పందం రాసుకోండి. స్నేహం మీద నడిచే ఏర్పాటు మూడు నెలల్లో సన్నగిల్లుతుంది కనుక ఫీజులో కొంత శాతం ఇచ్చిపుచ్చుకోండి. రెండు వైపులా సమానమై చివరికి ఎవరికీ ఏమీ మిగలకపోయినా సరే, డబ్బు చేతులు మారితే తనిఖీ నిజంగా జరుగుతుంది. ఎదుటివారు మీ కంప్యూటర్ ఫైలు తెరిచి బటన్లు నొక్కి ‘బాగుంది’ అనడం తనిఖీ కాదు. మీ నమూనా చూడకుండా, డ్రాయింగు మాత్రం చూసి, ముఖ్యమైన స్తంభాలు, పొడవైన దూలాలు, పునాది భారం సొంతంగా చేత్తో లెక్కించాలి. రెండు సమాధానాలు పది శాతం లోపు దగ్గరగా వస్తే ముందుకు వెళ్లండి. రాకపోతే ఇద్దరిలో ఒకరు ఏదో మరిచారన్నమాట. ఇది క్లయింటుకు కూడా చెప్పండి. ‘ఇంకొకరికి చూపిస్తారా, అంటే మీకు నమ్మకం లేదా?’ అని అడిగేవారు ఉంటారు. అలా అడిగే క్లయింటు మీ ఫీజు దగ్గర కూడా అలాంటి ప్రశ్నలే వేస్తాడు.

ఇప్పుడు డబ్బు. ఆరు నెలలు చాలవు. ఎందుకు చాలవో నెలల వారీగా చూడండి. మొదటి నెల ఆఫీసు సర్దుకోవడం, నలుగురినీ కలవడంతో పోతుంది. ఆ నెలాఖరుకు ఒక పని కుదిరిందనుకుందాం. రెండో నెల, మూడో నెల డిజైను. మధ్యలో ఆర్కిటెక్టు మెట్ల స్థానం మారుస్తారు, మూడు వారాలు వెనక్కి. నాలుగో నెలలో డ్రాయింగులు ఇచ్చి బిల్లు పంపుతారు. బిల్లు మీద ముప్పై రోజుల గడువు రాసినా, అది నలభై ఐదు, అరవై రోజులకు వస్తే మామూలే. అంటే మొదటి రాబడి ఆరో నెలలో, మీరు దాచిన డబ్బు అడుగంటిన వారంలో. అదీ ఒక్క బిల్లు. అంతా అనుకున్నట్టు జరిగితే కథ ఇది.

కొత్త ఆఫీసులు పని లేక మూతపడతాయని అందరూ అనుకుంటారు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం చేతినిండా పనుండగానే మూతపడ్డాయి. పని పెరిగితే డ్రాఫ్ట్స్‌మన్ కావాలి. అతని జీతం ఈ నెలాఖరుకే ఇవ్వాలి, అతను గీసిన డ్రాయింగుకు డబ్బు నాలుగు నెలల తరువాత వస్తుంది. పని ఎంత పెరిగితే ఈ అగాధం అంత లోతవుతుంది. కాబట్టి ‘ఎంత పని ఉంది?’ అని కాకుండా ‘చేసిన గంటకు డబ్బు ఎన్ని రోజుల్లో చేతికొస్తోంది?’ అని ప్రతి నెలా చూసుకోండి. ఒక పుస్తకంలో రెండు గడులు చాలు: పని చేసి ఇంకా బిల్లు వేయనిది ఎంత, బిల్లు వేసి ఇంకా రానిది ఎంత. ఈ రెండూ కలిపి మూడు నెలల సగటు బిల్లింగును దాటుతున్నాయంటే కొత్త పని కోసం తిరగడం ఆపి, పాత డబ్బు కోసం తిరగండి.

ఈ అగాధాన్ని తగ్గించే మార్గం దాచిన డబ్బు ఒక్కటే కాదు. ఫీజును ఏ దశలో ఎంత తీసుకుంటారన్నదే అసలు కీలకం. మన రంగంలో ‘రెండో అంతస్తు స్లాబు పడినప్పుడు 20 శాతం’ లాంటి షరతులు సర్వసాధారణం. వాటికి ఒప్పుకోకండి. స్లాబు ఎప్పుడు పడుతుందన్నది మీ చేతిలో లేదు. బిల్డరుకు అప్పు దొరకకపోతే, అన్నదమ్ములు కోర్టుకెళ్తే, ఆ స్లాబు మూడేళ్లయినా పడదు. మీ డిజైను పని మాత్రం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ప్రతి వాయిదానూ మీరు చేతికిచ్చే వస్తువుకు ముడిపెట్టండి. నేను సాధారణంగా ఒప్పందం కుదిరిన రోజు 25 శాతం, ప్రాథమిక పథకం ఇచ్చేటప్పుడు 25, పునాది డ్రాయింగులు ఇచ్చేటప్పుడు 25, మిగతా డ్రాయింగులకు 20, నిర్మాణ సమయంలో సైటు సందర్శనలకు 5 శాతం పెడతాను. పునాది డ్రాయింగు చేయి దాటేలోపు ముప్పాతిక ఫీజు రావాలన్నది ఇందులోని ఉద్దేశం. పునాది తవ్వకం మొదలయ్యాక క్లయింటుకు మీతో ఉన్న అవసరం సగం తగ్గిపోతుంది. ఈ మాట కటువుగా ఉన్నా నిజం.

అడ్వాన్సు అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. మొదటిసారి అడిగేటప్పుడు గొంతు కొంచెం తడబడుతుంది, పదోసారికి అలవాటైపోతుంది. అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడేవాడు చివరి వాయిదా సులువుగా ఇస్తాడని నమ్మడానికి నాకెప్పుడూ ఆధారం దొరకలేదు. ఇంకొక మాట. చాలా దేశాల్లో బిల్లు మీద వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను ఉంటుంది. ఆ డబ్బు వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చండి. అది మీ ఖాతాలో కనబడుతున్నంత కాలం మీదే అనిపిస్తుంది, కట్టాల్సిన రోజున ఉండదు.

ఫీజు ఎంత? ఒకప్పుడు కొన్ని వృత్తుల్లో కనీస ఫీజు పట్టికలను సంఘాలే నిర్ణయించేవి. అమెరికాలో వర్జీనియాకు చెందిన గోల్డ్‌ఫార్బ్ దంపతులు ఇల్లు కొనేటప్పుడు దాని హక్కుపత్రాలు పరిశీలించే లాయరు కోసం వెతికితే, పట్టికలో ఉన్న, ఇంటి విలువలో ఒక శాతం కన్నా తక్కువకు చేస్తామన్నవారు ఒక్కరూ దొరకలేదు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లి, 1975లో అలాంటి పట్టిక పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పు వచ్చింది. కొనేవారికి మంచిదే. కానీ పట్టిక చూపించి తప్పించుకునే వీలు పోయాక, తన ధర తానే చెప్పి దాని మీద నిలబడాల్సిన పని వృత్తి నిపుణుడి మీద పడింది. పక్క ఆఫీసు చదరపు అడుగుకు ఎంత తీసుకుంటుందో కనుక్కుని దానికన్నా కొంచెం తగ్గించడం ధర నిర్ణయించడం కాదు. పక్క ఆఫీసు నష్టంలో నడుస్తుండవచ్చు కదా.

మీ లెక్క మీరే వేసుకోండి. ఏడాదికి 52 వారాలు, సెలవులు, జ్వరాలు తీసేస్తే 46. వారానికి 40 గంటల చొప్పున 1,840 గంటలు. ఉద్యోగంలో ఈ గంటలన్నింటికీ జీతం వచ్చింది. సొంత ఆఫీసులో కొత్త పని కోసం తిరగడం, అంచనాలు రాయడం, బిల్లులు, పన్నులు, ఫోన్లు కలిపి మొదటి రెండేళ్లలో సగం సమయం తినేస్తాయి. బిల్లు వేయగలిగేవి 920 గంటలనుకోండి. మీ ఏడాది జీతం 100 అయితే, అంతే సంపాదించడానికి ఆఫీసు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, బీమా, వృద్ధాప్యానికి దాచుకునే మొత్తం కలిపి ఇంకో 40 కావాలి. డ్రాఫ్ట్స్‌మన్ జీతం ఇందులో లేదు. 140ని 920తో భాగించి, 100ని 1,840తో భాగించిన దానితో పోల్చండి. 2.8 రెట్లు వస్తుంది. బిల్లుల్లో పదో వంతు వసూలు కాదనుకుంటే మూడు రెట్లు దాటుతుంది. అంటే ఇప్పటి మీ జీతం గంటకు ఎంత పడుతుందో దానికి మూడింతలు అడిగితే, ఇప్పటి జీతం మీకు మిగులుతుంది. ‘మా సంస్థ నా పనికి ఇంత వసూలు చేసి నాకు అంతే ఇస్తోంది’ అన్న కోపంతో బయటికి వస్తుంటే, రాజీనామాకు ముందు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. కోపం కొంత తగ్గవచ్చు.

క్లయింటుకు మాత్రం గంటల లెక్క చూపించకండి. గంటల లెక్క మీ కోసం. వారికి మొత్తం పనికి ఒక ధర, ఆ ధరలో ఏమి ఉందో, ఏమి లేదో రాసిన ఉత్తరం ఇవ్వండి. ఉత్తరంలో రెండో సగమే ఎక్కువ పనికొస్తుంది. మట్టి పరీక్ష మీరు చేయించరు, పరీక్ష నివేదిక క్లయింటు ఇవ్వాలి. ఆర్కిటెక్టు ప్లాను ఖరారైన తరువాత జరిగే మార్పులకు గంటల చొప్పున అదనం. సైటుకు ఎన్నిసార్లు వస్తారో సంఖ్య రాయండి, ఆపైన ప్రతి సందర్శనకు ఇంత అని రాయండి. సైటులో కాంట్రాక్టరు పని నాణ్యతకు, కూలీల భద్రతకు పూచీ మీది కాదని రాయండి. పని మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా చేసినదానికి ఎలా లెక్కకడతారో రాయండి. మీ బాధ్యతకు పరిమితి ఎంతో రాయండి. ఈ చివరిది ఎంతవరకు చెల్లుతుందన్నది మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది కనుక ఒక లాయరుకు డబ్బిచ్చి ఉత్తరం నమూనాను ఒక్కసారి రాయించుకోండి, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

డబ్బు తీసుకోకుండా చేసే పనికి ఉత్తరం అక్కర్లేదని అనుకుంటారేమో. బావమరిది ఇంటి మీద ఇంకో అంతస్తు వేయవచ్చా అని అడుగుతాడు. మీరు వెళ్లి స్తంభాలు చూసి ‘వేసుకోవచ్చులే’ అంటారు. బ్రిటన్‌లో 1963లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పిన హెడ్లీ బర్న్ కేసు ఇలాంటి ఉచిత సలహాకు సంబంధించిందే. ఒక కంపెనీ ఆర్థిక స్థితి బాగుందని ఒక బ్యాంకు రుసుము లేకుండా మాటిచ్చింది. దాన్ని నమ్మిన ప్రకటనల సంస్థ నష్టపోయింది. నైపుణ్యం ఉన్నవారి మాటను ఇతరులు నమ్ముతారని తెలిసినప్పుడు, డబ్బు తీసుకోకపోయినా జాగ్రత్త వహించే బాధ్యత ఉండవచ్చని కోర్టు అంది. అయినా ఆ కేసులో బ్యాంకు బయటపడింది. ఎందుకంటే ఆ జవాబుకు తమ బాధ్యత లేదని బ్యాంకు ముందే స్పష్టంగా చెప్పింది. బంధువులకు ఉచితంగా చేయండి, చేయక తప్పదు కూడా. కానీ ఫీజు సున్నా అని రాసిన ఉత్తరం, అదే తనిఖీ, అదే ఫైలు ఉండాలి.

బీమా గురించి ఒక్క విషయం చాలామందికి తెలియదు. వృత్తి బాధ్యత బీమా సాధారణంగా మీరు డిజైను చేసిన ఏడాది పాలసీ మీద కాకుండా, ఫిర్యాదు వచ్చిన ఏడాది పాలసీ మీద పనిచేస్తుంది. ఈ ఏడాది గీసిన దూలానికి ఏడేళ్ల తరువాత పగులు వస్తే, అప్పుడు పాలసీ అమలులో లేకపోతే ఇన్నేళ్లు కట్టిన ప్రీమియం అక్కరకు రాదు. కాబట్టి మధ్యలో మానకూడదు. కంపెనీ మారేటప్పుడు పాత పనులకు ఏ తేదీ నుంచి రక్షణ ఉంటుందో పాలసీలో చూడాలి. ఆఫీసు మూసేసినా కొన్నేళ్లపాటు పాత పనులకు రక్షణ కొనసాగించుకోవాలి. ఖర్చే. పైన చెప్పిన 40లో ఇదీ ఉంది.

భాగస్వామి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: సగం సగం వద్దు, ఇప్పుడే అసలు వద్దు. మీ స్నేహితుడి గురించి నాకేమీ తెలియదు, మంచివారే అయి ఉంటారు. ఇద్దరూ ఒకే సంస్థలో ఒకే పని చేసినవారు. మీకు కొరత డిజైను చేసే మనిషి కాదు, పని తెచ్చే మనిషి, వసూలు చేసే మనిషి, తనిఖీ చేసే మనిషి. రెండో డిజైనరు వస్తే ఖాళీ కుర్చీలు అలాగే ఉండి, జీతాలు రెండవుతాయి. ఏడాది తిరిగేసరికి ఒకరు పని తేవడం మొదలుపెడతారు, ఇంకొకరు డిజైనులోనే ఉంటారు. ‘పని తెచ్చింది నేను’ అని ఒకరు, ‘రాత్రింబవళ్లు కూర్చుని చేసింది నేను’ అని ఇంకొకరు. రెండూ నిజమే. అందుకే ఆ గొడవ తీరదు.

పైగా సాధారణ భాగస్వామ్యంలో ఒకరి తప్పుకు రెండోవారి సొంత ఆస్తి కూడా జవాబుదారీ అవుతుంది. 1990లో లావెంతాల్ అండ్ హార్వాత్ అనే పెద్ద అమెరికన్ అకౌంటింగ్ సంస్థ దివాలా తీసినప్పుడు, వివాదానికి దారితీసిన తప్పుడు ఆడిట్లతో ఏ సంబంధమూ లేని భాగస్వాములు కూడా సొంత జేబు నుంచి కట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, 1991లో టెక్సాస్ రాష్ట్రం పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి చట్టం చేసింది. బ్రిటన్ 2000లో, భారతదేశం 2008లో అలాంటి చట్టాలు తెచ్చాయి. ఎప్పటికైనా భాగస్వామిని తీసుకుంటే ఆ రూపంలోనే తీసుకోండి. అయితే అది మిమ్మల్ని భాగస్వామి తప్పు నుంచి కాపాడుతుంది తప్ప మీ సొంత నిర్లక్ష్యం నుంచి కాపాడదు. మన వృత్తిలో సంతకం పెట్టినవాడి పేరు ఏ చట్టం చాటునా దాగదు.

స్నేహితుడిని వదులుకోమనడం లేదు. ఇద్దరూ విడివిడి ఆఫీసులు పెట్టుకుని ఒకే గదిని పంచుకోండి. నేను పైన చెప్పిన పరస్పర తనిఖీకి ఆయనకన్నా తగినవారు దొరకరు. పెద్ద పని వస్తే ఆ ఒక్క పనికి రాతపూర్వకంగా జట్టుకట్టండి. రెండేళ్లు అలా నడిచాక కూడా ఒకరి బిల్లింగ్ పద్ధతి మీద ఇంకొకరికి విసుగు రాకపోతే అప్పుడు కలవండి. అప్పుడు కూడా ఒప్పంద పత్రంలో ముందు రాయాల్సింది విడిపోయే తీరు: ఎవరైనా వెళ్లిపోతే, జబ్బుపడితే, చనిపోతే వాటా విలువ ఎలా కడతారు, నడుస్తున్న పనులు ఎవరివి, ఇద్దరి మాట కుదరనప్పుడు ఎవరి మాట చెల్లుతుంది. లాభం రాకముందే ఎవరికీ స్థిరమైన మొత్తం హామీ ఇవ్వకండి. 2012లో దివాలా తీసిన న్యూయార్క్ న్యాయ సంస్థ డ్యూయీ అండ్ లెబఫ్ పతనానికి, కొందరు భాగస్వాములకు ఆదాయంతో సంబంధం లేకుండా ఇచ్చిన భారీ హామీలు ఒక పెద్ద కారణం. వందల మంది లాయర్లున్న సంస్థే ఆ బరువు మోయలేకపోయింది.

పనులెలా వస్తాయన్నది మీరు అడగలేదు, ఆ ఒక్క క్లయింటు ధైర్యం వల్ల కాబోలు. విలియం వెల్చ్ డెలాయిట్ 1845లో లండన్‌లో తన అకౌంటింగ్ ఆఫీసు తెరిచినప్పుడు చోటు ఎక్కడ ఎంచుకున్నాడో తెలుసా? దివాలా కోర్టుకు ఎదురుగా. లెక్కలు తేల్చాల్సిన అవసరం ఎక్కడ పుడుతుందో అక్కడ కూర్చున్నాడు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఆ చోటు ఆర్కిటెక్టుల బల్ల పక్కన ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాడు నేరుగా మీ దగ్గరికి రావడం అరుదు. ఐదారుగురు ఆర్కిటెక్టులకు మీరు చెప్పిన తేదీకి డ్రాయింగు ఇచ్చే మనిషని తెలిస్తే చాలు. వాళ్లు మీ ప్రతిభను బేరీజు వేయలేరు, ఆలస్యాన్ని మాత్రం వేయగలరు. పని పంపినందుకు కమీషను ఇవ్వడం మాత్రం చాలా వృత్తి సంఘాల్లో నిషిద్ధం. ప్రకటనల మీద కూడా మీ సంఘం నియమాలు చూసుకోండి.

ఇక ‘మా పనులన్నీ మీకే’ అన్న ఆ క్లయింటు. ఆయన మాట మీద అద్దెకు గది తీసుకోకండి. అబద్ధం చెబుతున్నారని కాదు. మీరు సంస్థలో ఉన్నప్పుడు ఇచ్చిన మాట సంస్థ అండను చూసి ఇచ్చింది. బయటికి వచ్చాక ‘ఇప్పుడు మీకు ఖర్చులు తక్కువే కదా, ఫీజు సగం చేయండి’ అనడం నేను చాలాసార్లు విన్నాను. నిజంగానే పనులన్నీ ఇస్తే ఇంకో చిక్కు. రాబడిలో సగానికి మించి ఒకే చోటు నుంచి వస్తే మళ్లీ ఉద్యోగమే, సెలవులు లేని ఉద్యోగం. అన్నిటికన్నా ముందు మీ నియామక పత్రం తీసి చదవండి. పాత సంస్థ క్లయింట్లను ఇంతకాలం సంప్రదించకూడదన్న షరతు అందులో ఉండవచ్చు. అది మీరున్న చోట చెల్లుతుందో లేదో లాయరు చెప్పాలి. షరతు ఉన్నా లేకపోయినా, సంస్థ లెక్కలు, డ్రాయింగులు, నమూనా ఫైళ్లు ఒక్కటి కూడా వెంట తెచ్చుకోకండి. అవి మీరు చేసినవైనా మీవి కావు.

నా సలహా ఏమిటంటే, క్లయింటు కన్నా ముందు మీ యజమానికి చెప్పండి. ఎదురుబొదురు కూర్చుని ‘ఫలానా నెలలో వెళ్తున్నాను, చేతిలో ఉన్న పనులు అప్పగించి వెళ్తాను’ అనండి. కొత్త ఆఫీసులకు మొదటి ఏడాది పని ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీస్తే, పాత సంస్థే పంపిన మిగులు పని చాలా చోట్ల కనిపిస్తుంది. వారికి చేతినిండా ఉన్నప్పుడు, తమ పద్ధతి తెలిసిన మనిషి బయట ఉండటం వారికీ సౌకర్యమే. మంచిగా వెళ్లినవారికే ఆ ఫోను వస్తుంది.

వెళ్లే ముందు యజమాని నుంచి ఒక కాగితం తీసుకోండి. సంస్థలో ఉండగా మీరు చేసిన డిజైన్ల మీద రేపు ఫిర్యాదు వస్తే, సంస్థ బీమా మాజీ ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని రాతపూర్వకంగా చెప్పమనండి. మీరు సంతకం పెట్టిన పనుల జాబితా, తేదీలతో, దానికి జతచేయించండి. ఇప్పుడైతే మర్యాదగా ఇస్తారు. వెళ్లిపోయి ఐదేళ్లయ్యాక, పగులు కనబడ్డ వారంలో అడిగితే ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు.